తోమిన గుండిగ

వ్యాను సర్దడంలో పున్నమ్మగారిది ఒకటే సూత్రం. దిగగానే ముందు ఏది కావాలో అది అన్నిటికన్నా ఆఖర్న ఎక్కాలి. పరుపులూ దుప్పట్లూ అట్టడుగుకి, వాటిమీద బట్టల సంచులు, ఆ తర్వాత బియ్యం, పప్పుల డబ్బాలు, కిరసనాయిలు స్టవ్వు, తలుపు దగ్గరికి టార్పాలిన్లూ డేరా కర్రలూ. అన్నీ అయ్యాక తలుపు పక్కన ఇత్తడి గుండిగ. రెండు బిందెల నీళ్ళు పట్టే ఆ గుండిగ పెదపారుపూడిలో ఖాళీగా ఎక్కి అవనిగడ్డలో నిండేది. అక్కడ చిన్నకోడలు ఉమాదేవి పుట్టింటి ముందు వ్యాను ఆపి, కాఫీలు తాగి, గుండిగ నింపుకుని, అప్పుడు హంసలదీవి వెళ్ళేవాళ్ళు. సముద్రం పక్కన ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే కదా.

పాతికేళ్ళు అలాగే జరిగింది, ఉమ కాపురానికి రాకముందు మాత్రం గుండిగ అవనిగడ్డ వీధి పంపు దగ్గర నిండేది. నీలంరంగు మెటాడోరు, డెబ్బయ్యారు మోడలు. పున్నమ్మగారు దాని వెనక సీట్లు పీకించేసి, వడ్రంగి సుబ్బారావు చేత ఒక పక్క పొడుగునా మూతలున్న చెక్కపెట్టె చేయించారు. పైన కూర్చోవచ్చు, లోపల సామాను పెట్టుకోవచ్చు. మాఘపౌర్ణమికి ముందురోజు బయల్దేరి, సరుగుడు తోపులో డేరా వేసుకుని, మూడు రోజులుండి సముద్రస్నానాలు చేసి, చెవుల్లో కూడా ఇసకతో తిరిగొచ్చేది సంసారమంతా. ఆవిడ నిరుడు పుష్యమాసంలో పోయారు. ఆ మాఘంలో ఏటిసూతకమని ఎవరూ కదల్లేదు. శ్రావణంలో కొడుకులిద్దరూ ఇల్లు పంచుకున్నారు.

పంచుకోవడమంటే అన్నీ పంచుకున్నారు. పెరటికి అడ్డంగా గోడ లేచింది. వ్యాను దగ్గరికొచ్చేసరికి, పెద్దమనిషిగా కూర్చున్న శోభనాద్రిగారు "దీన్ని రంపం పెట్టి కోస్తామేవిటయ్యా, ఇద్దరూ వాడుకోండి" అని తేల్చేశారు. ఆయనకేం, తేల్చేసి భోంచేసి వెళ్ళిపోయారు. ఇప్పుడు తల్లి పేరు చెప్పి సముద్రంలో మునగాలంటే అన్నదమ్ములిద్దరికీ ఉన్నది ఆ ఒక్క వ్యానే.

అందుకని ఆ ఉదయం తమ్ముడు ప్రకాష్ ఒక నైలాను తాడు తెచ్చి వ్యాను మధ్యలో పైకడ్డీ నుంచి కింది కొక్కానికి బిగించి కట్టాడు. ఇటు అన్నయ్యవాళ్ళ సామాను, అటు తమది. ముప్ఫై ఎనిమిదేళ్ళవాడు, కూతురున్నవాడు, చేసిన పని అది. అన్న గోవర్ధనరావు చూసి కూడా చూడనట్టు టైర్లు తంతూ తిరిగాడు.

పెద్దకోడలు సుగుణ మాత్రం ఆ తాడుని చూసి ఊపిరి పీల్చుకుంది. చెక్కపెట్టె తన వాటాలోకి వచ్చింది. ఆ పెట్టెలో, పాత దుప్పటి చుట్టి, అత్తగారి గుండిగ ఉంది. ఆ సంగతి ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు.

శ్రావణంలో పంపకాలప్పుడు ఆ గుండిగ కనబడలేదు. ఇల్లంతా వెతికారు. దానికి ధర కట్టి ఎవరూ ఏడవలేదు. అత్తగారి చేతి వస్తువని ఇద్దరు కోడళ్ళకీ ఆశ, అంతే. పదిమందీ అరుగు మీద కూర్చుని ఉండగా సుగుణ ఒక మాట అనేసింది. "ఇంకెక్కడుంటుంది, ఈపాటికి అవనిగడ్డ చేరి ఉంటుంది." ఉమ ముఖం పాలిపోయింది. ఆ మాట అవనిగడ్డ చేరిన మర్నాడే ఉమ తల్లి నాంచారమ్మగారు మొదటి బస్సుకి దిగారు. ఇంటి తాళాలగుత్తి తెచ్చి సుగుణ ముందు అరుగు మీద పెట్టి, "వెళ్ళి వెతుక్కోండమ్మా, గడ్డివాములో కూడా చూసుకోండి" అని, మంచినీళ్ళయినా ముట్టకుండా వచ్చిన బస్సుకే వెళ్ళిపోయారు. తాళాలు గోవర్ధనరావే ఎవరిచేతో పంపించాడు. ఆ రోజు నుంచి ఉమ సుగుణతో మాట్లాడలేదు.

కార్తీకంలో కూతురు రేవతి పురుడుపోసుకుంటే, ఉయ్యాలతొట్టి కోసం సుగుణ అటక ఎక్కింది. తొట్టిలో గోనెసంచి కప్పి గుండిగ కూర్చుని ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. పదకొండోరోజు చుట్టాల హడావుడిలో, ఎవరి చేతికైనా పోతుందని తనే పైకెక్కించి, తనే గోనె కప్పింది. ఆ తర్వాత ఏడ్పుల్లోనూ వంటల్లోనూ పడి శుభ్రంగా మర్చిపోయింది.

ఆ క్షణంలో గోడ దాటి వెళ్ళి చెప్పేసుంటే సగం పోయేది. చెప్పలేకపోయింది. ఇవాళ కాదు రేపు అనుకుంది, రేవతి అత్తవారు వెళ్ళాక అనుకుంది, పండగ వెళ్ళాక అనుకుంది. ఒక్కొక్క రోజు గడిచేకొద్దీ చెప్పాల్సిన మాట బరువెక్కింది. మాట అన్నందుకు ఒక సిగ్గు, దాచినందుకు ఇంకో సిగ్గు. గోడ అవతల ఉమ గాజుల చప్పుడు వినబడితే చాలు, సుగుణకి అన్నం సయించేది కాదు.

పోనీ అలాగే ఉండిపోదామంటే వ్యవధి లేదు. ప్రకాష్ బందరులో ఎరువుల కొట్టు పెట్టుకుంటున్నాడు. వచ్చే గురువారం ఆ ముగ్గురూ వెళ్ళిపోతున్నారు. ఉమ దొంగ అన్న పేరుతోనే ఈ ఊరి పొలిమేర దాటుతుంది. అదొక్కటి మాత్రం జరగకూడదు. సుగుణ నాలుగు రోజులు ఆలోచించి ఒక ఉపాయం పన్నింది. గుండిగని చెక్కపెట్టెలో పెట్టేస్తే, అక్కడ దిగాక జాకీ కోసమో తాళ్ళ కోసమో మగవాళ్ళు మూత తీస్తారు. పోయినసారి వెళ్ళొచ్చినప్పుడు అత్తగారే అందులో పెట్టి మర్చిపోయారనుకుంటారు. ఉమ నింద పోతుంది. తన తప్పు బయటపడదు. చచ్చిపోయినావిడ నెత్తిన కాస్త మతిమరుపు రుద్దితే ఏం పోయింది!

నిన్న మధ్యాహ్నం భర్త పొలం వెళ్ళాక గుండిగని దింపింది. చిలుం పట్టి, మచ్చలు పడి ఉంది. అత్తగారి గుండిగ అలా వ్యానెక్కడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. ప్రయాణానికి ముందురోజు ఇత్తడి తోమడం ఇరవై రెండేళ్ళుగా ఆమె పనే. చింతపండు నానేసింది, ముగ్గుపిండి కలిపింది, దొడ్లో కూర్చుని గంటసేపు తోమింది. తళతళలాడుతున్న గుండిగలో తన ముఖం చూసుకుంటే, మూడు నెలల్లో మొదటిసారి మనసు కాస్త తేలికపడింది.

వ్యాను కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి దాటింది. తాడుకి అటు ఉమ, ఇటు సుగుణ. ఏడేళ్ళ లిఖితకి మాత్రం తాడంటే ఆట. దాని పక్కనుంచి దూరి పెద్దమ్మ ఒళ్ళోకి, మళ్ళీ అమ్మ ఒళ్ళోకి తిరిగింది. పిల్ల కోసం ఉమ తెచ్చిన నీళ్ళసీసా మోపిదేవి దగ్గరే అయిపోయింది. అవనిగడ్డలో నాంచారమ్మగారి సందు మొగలో అలవాటు కొద్దీ ప్రకాష్ గేరు తగ్గించాడు. అంతలోనే గుర్తొచ్చి మళ్ళీ పెంచాడు. ఉమ తల అటు తిప్పుకుంది. సందు వెనక్కి పోయింది, దానితోపాటు నీళ్ళ సంగతీ పోయింది. ఇంటిదగ్గర నీళ్ళు ఎక్కించే అలవాటు ఆ కుటుంబానికి లేదు మరి.

సరుగుడు తోపు చేరేసరికి నాలుగు దాటింది. గుడి దగ్గర జాతర జనం, మైకులు. ఇక్కడ ఇసక బాటలో మూడు మైళ్ళు లోపలికి, గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ప్రకాష్ తన వాటా సామాను దింపాడు, గోవర్ధనరావు తన వాటా దింపాడు. రెండు స్టవ్వులు, రెండు బియ్యం డబ్బాలు, రెండు ఊరగాయ జాడీలు, ఆఖరికి రెండు అట్లకాడలు. చూస్తే నవ్వొచ్చేదే గానీ ఎవరూ నవ్వలేదు.

"పెద్దమ్మా, ఆకలేస్తోంది" అంటూ లిఖిత వచ్చి చాపమీద కూర్చుంది. సుగుణ పులిహోర గిన్నె మూత తీసి ముద్ద కలిపి నోట్లో పెట్టింది. రెండో ముద్దకి ఎండుమిరపకాయ గింజ అడ్డంపడి పిల్లకి పొలమారింది. దగ్గు ఆగలేదు. కళ్ళు నీళ్ళు తిరిగాయి, ముఖం కందగడ్డయింది.

"నీళ్ళు! నీళ్ళేవీ?" అంటూ ఉమ పరిగెత్తుకొచ్చింది.

"మీ వైపు లేవా?"

"మీరు తేలేదా?"

ఆరునెలల తర్వాత ఆ ఇద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలవి. ఉమ సంచులన్నీ తిరగేసింది. వ్యానులోకి ఎక్కి, తాడు పక్కకి లాగేసి, ఏ సీసా అయినా ఉందేమోనని చెక్కపెట్టె మూత ఎత్తింది. దుప్పటి తొలగించింది. రెండు చేతులతో గుండిగని పైకెత్తి, ఆశగా లోపలికి చూసింది. చుక్క లేదు.

ఈలోగా తోపు కాపలా ముసలాయన గంగన్న పాకలోంచి చెంబుతో వచ్చాడు. "మెల్లిగా తాగమ్మా, మెల్లిగా. ఇంతే బాబూ నా దగ్గరుంది. ఉన్న కుండెడూ మీకు వంచేస్తే రేపటికి నాకేం మిగులుద్ది?" అన్నాడు. పిల్ల తాగింది. దగ్గు తగ్గింది.

అప్పుడు చూశాడు గోవర్ధనరావు, వ్యాను తలుపు దగ్గర మరదలి చేతుల్లో ఉన్నదాన్ని.

"ఓరి, అమ్మ గుండిగ! రెండేళ్ళుగా ఈ పెట్టెలోనే పడుందిరా ప్రకాష్! ఇల్లంతా గాలించాం గానీ దీని మూత తీసి చూశామా?"

సుగుణ అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. ఒక్క అక్షరం తేడా లేదు. ప్రకాష్ కూడా దగ్గరికొచ్చి, "అమ్మే పెట్టి మర్చిపోయుంటుంది. అనవసరంగా..." అని, వదిన ముఖం చూసి ఆగిపోయాడు.

ఉమ గుండిగని వదల్లేదు. అంచు చుట్టూ వేలు పెట్టి రాసింది. మెడకింద మడతలో గోరు దూర్చి, అక్కడ ఇరుక్కున్న చింతపండు పీచు ఒకటి బయటికి లాగింది. అది ఇంకా తడిగానే ఉంది. దాన్ని వేలి కొసన పెట్టుకుని సుగుణ వైపు చూసింది.

"రెండేళ్ళుగానా బావగారూ?" అంది, సుగుణ మీదనుంచి చూపు తిప్పకుండానే.

ఆ ఇంట్లో ఇత్తడి ఎవరు తోముతారో తెలియనిదెవరికి? సుగుణకి భూమి చీలిపోతే బాగుండనిపించింది.

"ఉమా, నేనే..." అని మొదలుపెట్టింది. "నేనే ఇందులో..."

"నాకు చెప్పకక్కా." ఉమ గొంతు పెంచలేదు. "నేను తియ్యలేదని నాకు తెలుసు. మా అమ్మకి చెప్పు."

ప్రకాష్ కల్పించుకున్నాడు. "నీళ్ళకి దగ్గర్లో కోడూరు చాల్లేవే, అంతదూరం మళ్ళీ..."

"అవనిగడ్డే వెళ్దాం. ప్రతీసారీ అక్కడే కదా నింపుకునేది" అంది ఉమ.

గోవర్ధనరావుని సామాను దగ్గర కాపలా ఉంచి మిగతావాళ్ళు బయల్దేరారు. దారంతా గుండిగని సుగుణ ఒళ్ళో పెట్టుకుంది. చల్లటి ఇత్తడి పొట్టకి తగులుతుంటే, ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉంది. ఒక్క వాక్యమూ నిలవలేదు.

దీపాలు పెట్టే వేళకి వ్యాను ఆ సందులో ఆగింది. "అమ్మమ్మా!" అంటూ లిఖిత దూకింది. నాంచారమ్మగారు చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. సుగుణని చూసి ఆగారు. ఆమె చేతుల్లో గుండిగని చూశారు. ఆ ముఖం ఒక్కసారిగా విప్పారింది.

"దొరికిందా! నే చెప్తానే ఉన్నా, దొరుకుద్దని. వ్యానులోనే ఉండిపోయిందా ఏంటమ్మా?"

సాకు ఆవిడే అందిస్తున్నారు. అవునండీ అంటే చాలు, అంతటితో సరి. సుగుణ వెనక్కి చూసింది. ఉమ వ్యాను తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఏమీ అనడం లేదు, ఏమీ అనబోవడం కూడా లేదు.

"లేదు పిన్నిగారూ" అంది సుగుణ. "మా అటక మీద ఉంది. నేనే పెట్టి మర్చిపోయాను. మర్చిపోయి, ఉమని అన్నాను, మిమ్మల్ని అన్నాను. కార్తీకంలోనే కనబడింది. భయపడి చెప్పలేదు. ఇవాళ కూడా వ్యానులో దొరికినట్టు నాటకం ఆడదామనే పెట్టాను."

నాంచారమ్మగారు గుమ్మం పట్టుకున్నారు. "కార్తీకం..." అని వేళ్ళు మడిచారు. "మార్గశిరం. పుష్యం. మాఘం." మడిచిన వేళ్ళని కాసేపు అలాగే చూసుకున్నారు. "నేను ఆ తర్వాత ఏ పేరంటానికీ వెళ్ళలేదమ్మాయ్. ఎవరింట్లో ఏ గిన్నె కనపడకపోయినా నా వంకే చూస్తారని."

సుగుణ ఏడుస్తూ వంగి ఆవిడ కాళ్ళు పట్టుకోబోయింది. ఆవిడ వెనక్కి జరిగారు. జరిగి, గుండిగని సుగుణ చేతుల్లోంచి తీసుకుని లోపలికి వెళ్ళారు. పంపు కొడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. ప్రకాష్ వెళ్ళి నిండిన గుండిగని మోసుకొచ్చి తలుపు పక్కన, దాని చోట దాన్ని పెట్టాడు.

"పొద్దుపోతోంది, బయల్దేరండి. పిల్లకి దాహంగా ఉంటుంది" అన్నారు నాంచారమ్మగారు. కాఫీ తాగి వెళ్ళమని మాత్రం అనలేదు.

కోడూరు రోడ్డంతా గతుకులే. మొదటి గతుకుకే నీళ్ళు తొణికి సుగుణ చీర తడిసింది. ఆమె రెండు చేతులతో గుండిగ అంచు పట్టుకుంది. రెండో గతుకు దగ్గర అవతలి వైపునుంచి ఉమ చెయ్యి కూడా వచ్చి పట్టుకుంది. అది నీళ్ళు ఒలక్కుండా ఉండటానికేనని సుగుణకి తెలుసు. అయినా తోపు చేరేదాకా కదలకుండా కూర్చుంది.