ఎవరి చెట్టు కొమ్మ

"అంతమంది పరాయివాళ్ళు మన పిల్ల పేరు రాశారంటే ఏం తప్పు పట్టారో ఏమో," అంది సుసన్నా, కూతురు చూపిస్తున్న ఫోను చేతిలోకి తీసుకోకుండానే.

లేయా నవ్వింది. "తప్పు కాదమ్మా. కాంక్రీటు మీద నేను రాసిన పేపర్లు ఆధారం చేసుకుని ఎవరు పరిశోధన చేసినా నా పేరు చెప్పాలి. అలా ఎవరి పేరు ఎక్కువమంది చెప్తే వాళ్ళకి ర్యాంకులిస్తారు. ఈ ఏడు నాకూ వచ్చింది."

సుసన్నాకి గుండె నిండింది. ఆ వెంటనే దడ పట్టుకుంది. వచ్చే ఏడు రాకపోతే? జనం దిష్టి తగిలితే? అన్నిటికీ మించి, ఆయన ఏమంటాడో? తోట చూసుకోమంటే వినకుండా పీహెచ్‌డీకి వెళ్ళిందని జయకర్ ఇన్నేళ్ళుగా కూతురి చదువు ఊసెత్తలేదు. ఇప్పుడూ వసారాలో గడ్డి పరిచి మామిడికాయలు పేరుస్తూ తలెత్తలేదు.

"విన్నారా అండీ, మీ అమ్మాయి చెప్పింది?"

ఆయన ఇంకో కాయ పెట్టాడు. వరస నిండింది, దానిమీద గడ్డి కప్పాడు. లేయా మొహం చిన్నబుచ్చుకుని ఫోను సంచిలో పెట్టేసింది.

అప్పుడన్నాడు జయకర్. "మన చెట్టు కొమ్మతో అంటు కట్టుకున్నవాళ్ళు రెడ్డిగూడెంలో ఈరోజుకీ నా పేరే చెప్తారు. మంచి కాపు లేని చెట్టు కొమ్మ ఎవరూ అడగరు తల్లీ."