నాలుగో రికార్డులో ఊపిరి

"తడిచేతులతో ముట్టకు," అన్నాడు భర్త. ఇరవై ఏళ్లుగా ఆ రికార్డులను తుడుస్తున్నవి ఆమె చేతులే.

పత్రికలో సంగీత విమర్శ రాసే ఆయన చెవులు సామాన్యమైనవి కావు. పక్కవీధిలో సూది పడితే ఏ శ్రుతిలో పడిందో చెప్పగలడు. సొంత వంటింట్లో ఆమె దగ్గి దగ్గి కూలబడితే మాత్రం వినబడదు.

ఈ వారం వ్యాసం, చనిపోయినవారి కోసం పాడే ఒక పాత బృందగానం మీద. నాలుగు బృందాలు, నాలుగు రికార్డులు. ఆయన కళ్లు మూసుకుని చెబుతాడు. ఆమె రికార్డు మార్చి, టైపు కొట్టి, మధ్యలో పొయ్యి మీది గిన్నె కలిపి వస్తుంది. టైపు మిషను కింద పొద్దున వచ్చిన ఉత్తరం మడిచి ఉంది. నాలుగో రికార్డు పాడిన బృందం పాత గొంతుల్ని మళ్లీ పిలుస్తోంది. సాధన ఈ సాయంత్రం ఐదింటికి.

"మొదటిది పరుగు. రెండోది కునుకు. మూడోదాంట్లో మగగొంతులు మాటల్ని మింగేశాయి. నాలుగోదే గొప్పది. చివరి చరణం ముందు ఆ నిశ్శబ్దం! అంతసేపు ఆపడానికి బృందాన్ని నడిపే మాస్టారికి ఎంత గుండె కావాలి. ఒక్కటే మచ్చ. సరిగ్గా అక్కడే ఎవత్తో బుస్సుమని ఊపిరి పీల్చింది. పొయ్యి ఊదేదాన్ని తెచ్చి నిలబెట్టినట్టున్నారు."

ఆమె వేళ్లు ఆగాయి. పెళ్లికి ముందు ఏడాది, ఆ పాట రికార్డు చేసిన రోజు, రెండో వరుసలో ఎడమ నుంచి మూడో మనిషి తను. మాస్టారు పొరపాటున స్వరాల పుస్తకంలో రెండు పేజీలు ఒకేసారి తిప్పేశారు. సైగ చెయ్యాల్సిన మాస్టారి చేతులు గాల్లో ఉండిపోయాయి. ఎప్పుడు అందుకోవాలో తెలియక అరవైమంది బిక్కమొహాలు వేశారు. అప్పుడామె కావాలనే, అందరికీ వినబడేలా ఊపిరి పీల్చింది. దాన్ని పట్టుకుని అరవై గొంతులు ఒక్కటిగా లేచాయి. రికార్డు అట్ట మీద పేరు మాత్రం మాస్టారిదే. తర్వాత ఈ ఇంట్లో "కోడలు గొంతు విప్పితే ఇల్లు సత్రమవుతుంది," అన్నారు అత్తగారు. "నేనూ బృందంలో పాడాను," అని చెబితే, "అందరూ పాడతారులే," అన్నాడు ఈయన. ఏ బృందమని అడగలేదు.

"ఆగావేం? కొట్టు."

ఆమె లేచి ముల్లు వెనక్కి పెట్టింది. నిశ్శబ్దం వచ్చింది. ఆయన ఎదుట నిలబడి ఊపిరి పీల్చింది. రికార్డులోని ఊపిరి, గదిలోని ఊపిరి ఒక్కటిగా పడ్డాయి. కాస్త తుప్పు పట్టిన గొంతుతో, అప్పట్లో తను పాడిన కింది స్వరం అందుకుంది.

ఆయన కళ్లు తెరిచాడు.

"మాస్టారు పేజీ తప్పారండీ," అందామె. "మచ్చ ఆ నిశ్శబ్దమే. మిగతాది మీరే కొట్టుకోండి."

ఉత్తరం తీసుకుని, చెప్పులేసుకుంది. తలుపు మూసుకున్నాక, వంటింట్లో గిన్నె కుతకుతలాడటం ఆయనకు మొట్టమొదటిసారి వినబడింది.