ఐస్‌క్రీం పుల్లల వంతెన

పుల్లలకు గమ్ము పూయడం, ఆరాక ఏరిపెట్టడం, చివర్న బల్లలు తుడవడం కరుణాకుమారి పనులని టీములో ఎవరూ చెప్పలేదు. ఇంట్లో అంట్లగిన్నెలు ఆమెవేనని మాత్రం ఎవరు చెప్పారు గనక! కూతురు నాలుగో తరగతికి వచ్చాక, ముప్పై రెండేళ్ళ వయసులో గూడూరు పాలిటెక్నిక్‌లో చేరింది. ఇప్పుడు సివిల్ రెండో ఏడు. టీములో తక్కినవాళ్ళందరూ పద్దెనిమిదేళ్ళ పిల్లలు. ఐస్‌క్రీం పుల్లలతో వంతెన కట్టాలి. అందరికన్నా ఎక్కువ బరువు మోయించిన టీము జిల్లా పోటీకి వెళుతుంది.

డిజైన్ ఆ పిల్లల్లో ఒకడైన ఆనందబాబు గీశాడు. ఆమె ఏదో చెప్పబోతే, "మీరు అతికించండక్కా, చాలు. లెక్కలు మేం చూసుకుంటాం" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆమె భర్త బెన్హరూ మర్యాదస్తుడే. తడ దగ్గర ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, గొంతు పెంచి ఎరగడు. "ఈ వయసులో పుల్లలాటేంది నీకు?" అని నవ్వుతూనే అంటాడు. "మా కోడలికి చదువెక్కువయ్యి కూరలో ఉప్పు తక్కువయింది" అని అత్తగారు ఎలిశబెతమ్మ చర్చి మెట్ల మీద నలుగురూ వినేలా అన్నదీ నవ్వుతూనే. నవ్వుతూ అన్న మాటకు ఏ ముఖంతో జవాబు చెప్పాలో పదకొండేళ్ళ కాపురంలో ఆమెకు తెలిసిరాలేదు.

మొదటిసారి బరువు పెట్టి చూసినప్పుడు అర బకెట్టు ఇసుకకే వంతెన కూలింది. "పుల్లలు నాసిరకం" అన్నాడు ఆనందబాబు. కింద ముక్కలు ఏరుతున్న కరుణ పక్కన టీములోని షారన్ వచ్చి కూర్చుంది.

"అక్కా, ప్రతి పుల్లా నీ చేతుల మీదుగానే పోయింది గదా. నీకేమనిపిస్తుండాది?"

ఏం కూర వండావనే తప్ప, నీకేమనిపిస్తోందని అడిగినవాళ్ళు ఎవరూ ఆమెకు గుర్తుకు రాలేదు.

"పుల్లలు విరగలేదు షారన్, చూడు, అన్నీ బాగానే ఉండాయి. రెండు పక్కల గోడలూ బయటికి వంగిపోయినాయి. పైన ఆ రెంటినీ కలిపి కట్టలేదు మనం. అడ్డంగా కొన్ని, ఏటవాలుగా కొన్ని వేస్తే పట్టుకుంటాయి."

ఆనందబాబు తన కాగితం కేసి, ఆ ముక్కల కేసి చూశాడు. మెల్లగా పెన్సిలు ఆమె ముందుకు జరిపాడు. "గీయండక్కా." ఆ రోజు బల్లలు అతనే తుడిచాడు.

కాలేజీలో బరువు పరీక్షనాడు వంతెన ఒక బకెట్టు ఇసుక మోసింది. రెండోది తగిలించినా కదల్లేదు. "డిజైన్ ఎవరిది?" అని సారు అడిగితే పిల్లలందరూ ఆమె వైపు చూశారు. పైన వేసిన అడ్డపుల్లలు ఒక్కొక్కటే చూపిస్తూ ఆమె వివరించింది. జిల్లా పోటీకి వాళ్ళ టీమునే ఎంపిక చేశారు. ఇక నెలపాటు రోజూ ఆరున్నర దాకా కాలేజీలో ఉండాలి.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఎప్పటిలాగే ప్రార్థన చేయడానికి బెన్హర్ కళ్ళు మూసుకోబోయాడు. రోజూ గరిటె పట్టుకుని నిలబడి ఉండే కరుణ వచ్చి కంచం ముందు కూర్చుంది.

"ఇవాళ నేను చేస్తాను."

ఆమె కళ్ళు మూసుకుంది.

"తండ్రీ, నీకేమనిపిస్తుండాదని నన్ను అడిగిన షారన్‌ను బట్టి నీకు స్తోత్రం. పెన్సిలు ఇచ్చిన ఆ పిల్లోణ్ణి బట్టి స్తోత్రం. నా కళ్ళను, నా చేతులను బట్టి స్తోత్రం. ఈ నెలంతా నేను చీకటి పడినాకే ఇంటికి వస్తాను తండ్రీ. పొద్దుగూకే యాళకు అన్నం వండే జ్ఞానం ఈ ఇంట్లోవాళ్ళకు దయచెయ్యి."

ప్రార్థన మధ్యలో అడ్డు తగిలే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. బెన్హర్ ఒక కన్ను తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

అందరికన్నా ముందు, గట్టిగా, "ఆమెన్" అన్నది ఎలిశబెతమ్మ.