బావ కొన్న కాటేజీ

సరస్సు ఒడ్డున పాతబడ్డ కాటేజీలు కొని, లోపలంతా కొత్తగా మార్చి అమ్మే పని ఒక వడ్రంగీ, అతని అక్క మొగుడూ కలిసి మొదలుపెట్టారు. బేరాలు బావవి, చెక్కపని బావమరిదిది. నల్లబడ్డ గోడ చెక్కలూ, గులాబీరంగు స్నానాల గదులూ, తలకి తగిలే సీలింగులూ ఏడేళ్లపాటు పీకి పారేశారు.

ఎనిమిదో ఏడు వాళ్లు అమ్మిన ఒక ఇంట్లో కిటికీల పక్కనుంచి వాననీళ్లు కారాయి. వాటి చుట్టూ నీళ్లు దిగకుండా పూయడానికి నాసిరకం సీలెంట్ తెప్పించింది బావే. కానీ కొన్నవాళ్లు నిలదీసేసరికి, కిటికీలు బిగించింది మా బావమరిదేననీ, చేతకానివాణ్ణి నెత్తిన పెట్టుకున్నాననీ నలుగురి ముందూ అన్నాడు. ఆ మాట ఒడ్డంతా పాకింది. వడ్రంగిని మళ్లీ ఎవరూ పనికి పిలవలేదు. రెండేళ్లు కుర్చీల కాళ్లు అతికించుకుంటూ బతికాడు. అక్క మొహం చూసి నోరు మెదపలేదు గానీ లోపల రగులుతూనే ఉన్నాడు.

అప్పుడు ఒడ్డు చివరి కాటేజీ అమ్మకానికొచ్చింది. వడ్రంగి చెక్కనేల కిందికి దూరి, దాన్ని మోసే దూలంలో స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగింది. పైన మాత్రం నేలమీద పరిచిన కొత్త లినోలియం షీటు తళతళలాడుతోంది. చాలాకాలానికి అతనికి నవ్వొచ్చింది.

మర్నాటి నుంచి రోజూ టేపు పట్టుకుని వెళ్లి గోడలు కొలిచాడు. అమ్మే ముసలాయనతో వరండాలో కబుర్లాడాడు. కొంటానని ఎవరితోనూ అనలేదు. చూసినవాళ్లే అనుకున్నారు. తను మళ్లీ నిలదొక్కుకుంటే బావకి కంటిమీద కునుకుండదని అతనికి తెలుసు. అనుకున్నట్టే, వారం తిరక్కుండా బావ ఆ ఇల్లు సరిగ్గా చూడనైనా చూడకుండా కొనేశాడు.

లినోలియం లేపిన రోజు బావ కాలు మోకాలి దాకా నేలలోకి దిగబడింది. వచ్చిన వడ్రంగులందరూ కిందికి తొంగిచూసి, దూలాలు తీస్తే ఇల్లు కూలుతుందని వెళ్లిపోయారు.

ఆఖరికి అక్క తమ్ముడి దగ్గరికి వచ్చింది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఆయనతోపాటు నేనూ మునుగుతానని తోచలేదా?"

"తోచింది అక్కా. అయినా ఊరుకున్నాను."

పని చేస్తాననీ, ముందు బావ ఆ కిటికీల ఇల్లు కొన్నవాళ్లనీ చుట్టుపక్కలవాళ్లనీ పిలిచి నిజం చెప్పాలనీ అతను ఆమెతోనే కబురంపాడు. బావ రెండ్రోజులు బిగుసుకున్నాడు. మూడో రోజు పిలిచాడు.

కాటేజీ ముందు గడ్డిలో పదిమంది చేరారు. తప్పు తనదేనని బావ గొణిగాడు.

"వెనకవాళ్లకి వినపడలేదు బావా. మళ్లీ చెప్పు. ఆరోజు నన్నేమన్నావో అదీ చెప్పు."

బావ తలొంచుకుని అన్నీ చెప్పాడు. వడ్రంగి చివరిమాట దాకా కదలకుండా విని, అప్పుడు సంచీలోంచి రంపం తీశాడు.

ఇరవై రోజుల్లో గోడకి బీట కూడా పడకుండా దూలాలన్నీ మార్చాడు. ఈలోగా రెండిళ్లవాళ్లు పనికి పిలిచారు. అక్క మధ్యాహ్నం కూలీలందరికీ భోజనం తెచ్చి, పేరుపేరునా పిలిచి పెట్టేది. తమ్ముణ్ణి పిలిచేది కాదు. అతను గట్టు మీద కూర్చుని ఇంటినుంచి తెచ్చుకున్నది తినేవాడు. బాధగానే ఉండేది. చేసినదానికి మాత్రం ఒక్కపూటైనా చింతించలేదు.