దొరగారి గొంతు

మా ఆయనకి పని ఇచ్చింది ముఖం చూసి కాదు, గొంతు విని. విక్టోరియా రాణి కాలం నాటి నవలల్ని టీవీ సీరియళ్లుగా తీస్తారు చూడండి, వాటిలో దొరలకి మన భాషలో గొంతు అరువిచ్చేవాడు. ఇంటికొచ్చినా దొరతనం దిగేది కాదు. "ప్రియురాలా, ఉప్పు ఇటు అందించెదవా?" అనేవాడు. "ముందు చెత్తబుట్ట బయట పెట్టండి దొరగారూ" అనేదాన్ని.

రోజంతా మైకు ముందు అరిచి వస్తే, మా అత్తయ్య గుమ్మంలోనే పసిగట్టేది. "గొంతు పట్టేసింది వీడికి. అమ్మాయ్, వేడినీళ్లు పెట్టు."

రెండు నెలల కిందట, సీరియల్ సగంలో ఉండగానే, స్టూడియో మెట్ల మీద కుప్పకూలి పోయాడు. గుండె. అందరూ ఏడ్చారు. నాకు రాలేదు. నేను పనిచేసేది ఇస్త్రీ షాపులో. వారం తిరక్కుండానే మళ్లీ పనిలోకి వెళ్లిపోయాను. కాలుతున్న ఇస్త్రీపెట్టె చేతికి తగిలితే పక్కావిడ కెవ్వుమంది గానీ నాకేమీ అనిపించలేదు. ఇంట్లో మాట్లాడటమూ మానేశాను. అడిగితే ఊ, లేకపోతే అదీ లేదు.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఇద్దరం టీవీ ముందు కూర్చునేవాళ్లం. అత్తయ్యకి వెలుగూ చీకటీ తప్ప చూపు ఆనదు, వినడమే. తెర మీద మిల్లు దొర వానలో గుర్రం దిగి, వీలునామా గురించి పంతులమ్మతో పోట్లాడుతుంటే, పోకముందు చెప్పి పెట్టిన మా ఆయన గొంతు ఇల్లంతా తిరిగేది.

"ఎప్పుడూ చీకట్లో తడుములాటేనా? అంత మేడ ఉంది, గదికో దీపం పెట్టుకోడానికేం రోగం?" అని అత్తయ్య కసిరేది. పంతులమ్మ పెళ్లికి కాదన్నప్పుడు, "పోనీలేరా, దాని మొహం" అని ఓదార్చింది కూడా.

తర్వాతి భాగం నుంచి దొరకి వేరే అతను గొంతిచ్చాడని స్టూడియోవాళ్లు నాకు ముందే చెప్పారు. అత్తయ్యతో అనలేదు. ఆ గొంతు వింటున్నందుకే ఆవిడ వేళకింత తింటోంది. అదీ పోతే ఈవిడ కూడా పోతుందని భయం. నాలో మిగిలింది ఆ భయమొక్కటే.

ఆ ఆదివారం టీవీ చెడిపోయిందని చెబుదామనుకున్నాను. కానీ వేళకి నేనే పెట్టాను. గుర్రబ్బండి ఆగింది. దొర దిగి టోపీ తీశాడు. "నన్ను క్షమించగలవా?" అన్నాడు, ఎవరిదో గొంతుతో. మంచి గొంతే, వంక పెట్టడానికి లేదు.

అత్తయ్య తల వంచుకుని చాలాసేపు వింది.

"గొంతు పట్టేసింది. అమ్మాయ్, వేడినీళ్లు పెట్టు."

జలుబనుకుంటోంది, బతికిపోయాను అనుకున్నాను. నీళ్లు కాచి తెచ్చి, గ్లాసు ఆయన కూర్చునే కుర్చీ పక్కన పెట్టాను. చప్పుడు విని తల తిప్పింది.

"అక్కడెందుకు పెట్టావ్?"

"ఆయనకని కదా..."

"వాడు పోయాడు కదే. ఈ మాట్లాడేవాడు ఎవడో పరాయివాడు. కన్నదాన్ని, ఆ మాత్రం తెలీదా?" చేత్తో తడిమి గ్లాసు అందుకుని నా చేతిలో పెట్టింది. "పట్టేసింది నీ గొంతు. రెండు నెలలుగా వింటూనే ఉన్నా. తాగు."

తాగాను.

"అబ్బా, కాలిందత్తయ్యా!"

అంతే, ఏడుపు తన్నుకొచ్చింది. ఆవిడ రిమోట్ వెతుక్కుని టీవీ ఆపేసింది.

"ఇప్పుడు ఏడు," అంది. "వింటాను."