వదిన చేతి రొట్టె

లాండ్రీ నడిపేవాళ్ళకు పండుగ వస్తోందని క్యాలెండరు చెప్పనక్కర్లేదు, మూటలే చెబుతాయి. ఈస్టర్ ముందు వారం చర్చి నుంచి వచ్చేవన్నీ తెల్లవే. పాటల బృందం అంగీలు, కిటికీ తెరలు, ప్రభువు బల్ల మీద పరిచే పొడవాటి గుడ్డ. తెలుపంటే చూసేవాళ్ళకు ముచ్చట గానీ ఉతికేవాళ్ళకు హడల్. రంగుబట్ట మీద ఆవగింజంత మరక ఉంటే ఎవరికీ పట్టదు, తెల్లబట్ట మీద ఉంటే ఊరంతా చూస్తుంది.

ఆ లాండ్రీ అన్నావదినలది. అన్న వ్యానులో మూటలు తెస్తాడు, ఇచ్చి వస్తాడు. లోపలి పనంతా వదినదీ, అన్న చెల్లెలిదీ. ఆ చెల్లెలికి అన్న చిన్నప్పుడే రైలుబండి అని పేరు పెట్టాడు. తిన్నా, నడిచినా, మాట్లాడినా మధ్యలో ఆగడమన్నది ఆమెకు చేతకాదు. నిదానమే ప్రధానం అని వదిన అంటే, ఆలస్యం చేస్తే అమృతం కూడా విషమవుతుందని రైలుబండి అనేది. సామెతకు సామెత సరిపోయేది, పనీ సాగిపోయేది.

ఇస్త్రీ మిషను ఉండేది వెనకగదిలో. దాని పైమూత కిందికి దిగాలంటే అటొకటీ ఇటొకటీ ఉన్న రెండు మీటలనూ రెండు చేతులతో ఒకేసారి నొక్కాలి. రెండు చేతులూ మీటల మీద ఉంటే, ఏ చెయ్యీ మూత కింద ఉండదు. పెట్టినవాడు బుర్రతోనే పెట్టాడు. ఆ బుర్ర రైలుబండికి నచ్చలేదు. క్రిస్మస్ ముందు హోటల్ దుప్పట్లు కొండలా పేరుకుపోయి ఉంటే, కుడివైపు మీటను నొక్కి ఉండేలా నాడాతో బిగించి కట్టేసింది. ఇక ఒక చెయ్యి చాలు, రెండో చెయ్యి తరువాతి దుప్పటి మీద ఉంటుంది. పని చకచకా తెమిలింది. నాడా విప్పకుండా టీ తాగడానికి వెళ్ళింది.

వదినకు ఒక అలవాటు. ఎడమచెయ్యి మీట మీద ఆనించి, కుడిచేత్తో గుడ్డ మూల సాపు చేస్తుంది. రెండో మీట నొక్కందే మూత దిగదని ఆమెకు ఏళ్ళ నమ్మకం. ఆ రోజూ అలాగే చేసింది. మూత దిగింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అనే సామెత ఆ తరువాత ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

ఆస్పత్రి మంచం మీదే వదిన అంది, కావాలని చేశావా, పోనీలే అని. మందుల మత్తులో అంటోందనుకుంది రైలుబండి. అన్న ఒక్క మాట కూడా అనకపోవడం ఆమెకు ఇంకా నరకంగా ఉండేది. తిట్టినా బాగుండేది. తిట్టేవాళ్ళు లేనప్పుడు మనిషి తన శిక్ష తానే వేసుకుంటుంది, తనకు తాను వేసుకునే శిక్షకు గడువు ఉండదు.

ఆనాటి నుంచి వదినకు అడుగులకు మడుగులొత్తింది. తల దువ్వడం, బొత్తాలు పెట్టడం, అన్నం కలిపి ముద్దలు పెట్టడం అన్నీ తనే. వదిన చెయ్యి గ్లాసు వైపు కదిలిందంటే గ్లాసు తానే అందుకునేది. వెనకగదిలోకి అడుగు పెట్టనిచ్చేది కాదు. ఆడబిడ్డంటే అర్ధమొగుడంటారు. ఈ ఆడబిడ్డ మాత్రం సేవ పేరుతో పూర్తి పెత్తనం చేసింది, ఆ సంగతి తనకే తెలియలేదు.

చర్చిలో ప్రభువు బల్ల దగ్గరి రొట్టె తీసుకోవడం కూడా మానేసింది. ఆ చర్చిలో పద్ధతేమిటంటే, పళ్ళెం వరుస వెంట వస్తుంది, ఒకరు తుంచి పక్కవారికి ఇస్తారు. తన దాకా వచ్చేసరికి రైలుబండి తల అడ్డంగా ఊపి పళ్ళెం ముందుకు పంపేసేది. వదిన చూసేది. కృప అంటే కూలి కాదు, ఊరికే ఇచ్చేది అని ఈస్టర్ ముందు వచ్చే నలభై శ్రమదినాల్లోనూ పాస్టరుగారు చెబుతూనే ఉన్నారు. రైలుబండి విన్నది గానీ నమ్మలేదు. లాండ్రీలో పెరిగిన మనిషి, రుద్దకుండా పోయిన మరకను ఆమె ఎప్పుడూ చూడలేదు. ముందు వదిన చెయ్యి బాగుపడాలి, తన సేవ వల్లే బాగుపడాలి, అప్పుడు చూద్దాం ఆ రొట్టె సంగతి అనుకుంది.

పండుగ ముందు శనివారం ఉదయం వదినను ఆస్పత్రికి తీసుకెళ్ళింది. చేతికి కసరత్తు చేయించే ఆవిడ వదిన వేళ్ళను ఒక్కొక్కటే వంచి చూసింది. చూపుడువేలూ మధ్యవేలూ కర్రల్లా ఉన్నాయి. ఇంట్లో ఈ చేత్తో పనులు చేస్తున్నారా అని అడిగింది. వదిన నోరు తెరిచేలోపే రైలుబండి అందుకుంది, పూచికపుల్ల కూడా ముట్టనివ్వడం లేదని. మెచ్చుకుంటుందనే అనుకుంది పాపం.

"అదేనమ్మా తప్పు. మొదట్లో వాడి ఉంటే చాలావరకు వంగేవి. ఇప్పుడు బిగిసిపోయాయి," అందావిడ.

గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. ఒకసారి తొందరతో పాడుచేసింది, మళ్ళీ ప్రేమతో పాడుచేసింది. మొదటిదానికైనా దుప్పట్ల మీద నెపం వేయొచ్చు. రెండోదానికి ఏ నెపమూ లేదు. ఇన్ని నెలలుగా తాను తీరుస్తున్నాననుకున్నదంతా నేరం మీద నేరమని తెలిశాక, బస్సులో వదిన పక్కన కూర్చోవడానికి కూడా ఆమెకు సిగ్గేసింది. నిలబడే వచ్చింది.

లాండ్రీకి రాగానే వెనకగదిలో దూరి, చర్చి బల్లగుడ్డను మిషను మీద పరిచింది. కళ్ళనీళ్ళు గుడ్డ మీద పడకుండా తల పక్కకు తిప్పుకుని సాపు చేస్తోంది. వదిన లోపలికి వచ్చింది. నేను చేస్తాను జరుగు అంది. వద్దు వదినా, నీకెందుకు, బతికున్నంత కాలం నీ పని నేనే చేస్తాను అంది రైలుబండి.

వదిన గొంతు పెంచే మనిషి కాదు. అప్పుడూ పెంచలేదు.

"నా చెయ్యి మిషను తీసుకుంది. నా పని నువ్వు తీసుకున్నావు. ఆస్పత్రిలో పోనీలే అన్నాను. ఆ మాట నువ్వు తీసుకోలేదు. నేనిచ్చింది నీకొద్దు, నువ్విచ్చేది మాత్రం నేను రోజూ తీసుకోవాలి. నాకు ఊపిరాడటం లేదే."

గ్లాసు తానే అందుకున్నప్పుడల్లా వదిన చెయ్యి గాలిలో ఒక క్షణం అలాగే ఉండిపోవడం, మెల్లగా ఒడిలోకి దిగడం అన్నీ ఇప్పుడు రైలుబండికి గుర్తొచ్చాయి. అవన్నీ చూసింది. చూసి కూడా, చూడనట్టు ఉండిపోయింది, ఎందుకంటే ఆ సేవ వల్ల మనసు తేలికయ్యేది వదినకు కాదు, తనకు.

పక్కకు జరిగింది. వదిన గుడ్డ సరిచేసి, ఎడమచెయ్యి ఒక మీట మీద పెట్టి, వంగని వేళ్ళను ఎత్తిపట్టి కుడి అరచేత్తో రెండో మీట నొక్కింది. మూత దిగింది. ఆవిరి తేలిపోయాక రైలుబండి చూస్తే, వదిన రెండు చేతులూ మీటల మీదే ఉన్నాయి. గుడ్డ మడతపెట్టడానికి వదినకు చాలాసేపు పట్టింది. అంతసేపూ రైలుబండి గోడకు ఆనుకుని నిలబడింది. అంత కష్టమైన పని ఆమె ఎప్పుడూ చేయలేదు.

మర్నాడు చర్చి కిటకిటలాడింది. పాస్టరుగారు ఆ ఉదయం పెద్దగా ఏమీ చెప్పలేదు. లేచి వచ్చిన ప్రభువు చేతులకు గాయాలు అలాగే ఉన్నాయన్నారు. తనను వదిలి పారిపోయినవాళ్ళ దగ్గరికే వచ్చాడనీ, ఎందుకు పారిపోయారని అడగలేదనీ, ఆ చేతులే చూపించాడనీ అన్నారు. రైలుబండి తల ఎత్తలేదు. చూపించిన ఆ చేతులను చూడటానికి వాళ్ళకు ధైర్యం ఎలా వచ్చిందా అనుకుంది.

పళ్ళెం వరుసలోకి వచ్చింది. అన్న వదినకిచ్చాడు. వదిన పళ్ళెం ఒడిలో పెట్టుకుని, రొట్టె తుంచడానికి కుడిచెయ్యే వాడింది. ముక్క వేళ్ళ మధ్య నిలవక జారింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. రైలుబండి చెయ్యి సాయానికి లేచింది, దాన్ని బలవంతాన దించుకుంది. వెనక వరుసలో ఎవరో దగ్గారు. చివరకు బొటనవేలికీ బిగిసిన ఆ వేళ్ళకూ మధ్య చిన్న ముక్క నిలిచింది. వదిన దాన్ని ఆమె వైపు చాపింది.

"నాకు అర్హత లేదు వదినా," అంది రైలుబండి, పక్కవాళ్ళకు వినపడకుండా.

"లేదని నాకూ తెలుసు. చెయ్యి పట్టు."

తప్పు ఎక్కడికీ పోలేదు. కళ్ళెదురుగా, ఎర్రగా మెరిసే చర్మంతో, వంగని వేళ్ళతో అక్కడే ఉంది. ఆ వేళ్ళే రొట్టె ఇస్తున్నాయి. రైలుబండి వాటి వంక మొదటిసారి తిన్నగా చూసింది. తరువాత రొట్టెకు చెయ్యి పట్టింది.