మౌనం దగ్గర నొక్కే మీట

నేను ఒక టేపు రికార్డరును. విశాఖలో మనసుకు వైద్యం చేసే ఒక క్లినిక్‌లో నా ఉద్యోగం. నా మీటలన్నీ కొత్తవాటిలాగే ఉంటాయి. టేపును ముందుకు పరిగెత్తించే మీట మాత్రం అరిగి నున్నబడింది. నా కథంతా ఆ అరుగుదలే.

రోగుల బాధ వినే థెరపిస్టుల పనిని కూడా ఒక పెద్ద విని దిద్దాలి. అక్కడ ఆ పెద్ద చిదానందం గారు. థెరపిస్టులు రోగి ఒప్పుకుంటేనే అతని మాటలు నాలోకి ఎక్కించి, వారం వారం ఆయన ముందు పెట్టేవారు. ఆయనకు మాటలంటే ప్రాణం. రోగి మాట్లాడడం ఆపాడా, ఆయన వేలు ఆ మీట మీదే. పదిమందికి ఓపిక నేర్పే మనిషికి అంత తొందరేమిటో!

ఒక వారం మృణాళిని అనే థెరపిస్టు సింహాచలం అనే రోగి టేపు తెచ్చింది. అతను పోర్టులో క్రేను నడిపేవాడు. ఆ క్రేను కిందే నలిగి, సరుకులెత్తే కలాసీ ఒకడు పోయాడు. "ఇంటికెళ్లాక ఏం చేస్తుంటారు?" అని ఆమె అడిగితే, "ఏటి సేస్తానమ్మా..." అని ఆగిపోయాడు. తర్వాత చాలాసేపు ఊపిరి చప్పుడే నాలో పడింది. ఏడవడం కూడా మానేసిన మనిషి ఊపిరి అది.

"సార్, ఈ మౌనం ఒక్కసారి వినండి. నాకెందుకో భయంగా ఉంది."

"మౌనంలో ఏముంటుందమ్మా? నీ ప్రశ్నలెలా ఉన్నాయో చూద్దాం," అని ఆయన మీట నొక్కారు. ఆ ప్రశ్నలను చీల్చి చెండాడారు. అతని ఇంటికి ఫోను చేద్దామా అని అడగబోయి, ఆమె మింగేసింది.

మరుసటి వారం సింహాచలం రాలేదు. సముద్రమే అతన్ని ఒడ్డుకు తెచ్చింది.

"అంత భయముంటే గట్టిగా చెప్పాలి కదమ్మా!" అన్నారు చిదానందం గారు. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్లను చూశాను. కాల్చింది ఇంకొకరని చెప్పేవారిని అప్పుడే చూశాను.

ఆయన రిటైరైన రోజు అందరూ ఆయనకు శాలువా కప్పి, "ఎంత ఓపికగా వినేవారో!" అని పొగిడారు. నేను ఆ బల్లమీదే ఉన్నాను. నవ్వాలన్నా నాకు ఎవరో ఒకరి టేపు కావాలి కదా.

ఇప్పుడు ఆ కుర్చీ మృణాళిని గారిది. ఈమైనా వింటుందని ఆశపడ్డాను. నిన్న ఒక కొత్త థెరపిస్టు టేపు పెట్టాడు. అందులో రోగి మాట ఆగి, ఊపిరి చప్పుడు మొదలైంది. ఆమె మొహం పాలిపోయింది. ఆయనకు వినే ఓపిక లేకపోయింది, ఈమెకు వినే ధైర్యం లేదు. వేలు మాత్రం అదే చోట పడింది.

"మేడమ్, ఇక్కడే నాకు..." అన్నాడతను.

"మాటలొచ్చేదాకా పోనీ నాన్నా," అంది.